ముప్పై డిగ్రీలు

గత ఏడాది మార్చిలో సౌజన్య జుట్టు కత్తిరించుకుని వచ్చింది. నడుం దాకా ఉండే జుట్టు ఒక్క సాయంత్రంలో మెడ దాకా వచ్చేసింది. నాకు నచ్చింది, బావుందన్నాను. ఒకటికి రెండుసార్లు అన్నాను. ఇలాంటివి నేను గమనించనని ఇంట్లో నా మీద ఒక కేసు ఎప్పుడూ పెండింగులో ఉంటుంది మరి. తను నవ్వి ఊరుకుంది.

మే నెలలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన నాలుగో రోజు, సౌజన్య ఉద్యోగానికి వెళ్లాక, నా గది తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఒరేయ్, ఆ పిల్లకి కుడి చెయ్యి పైకి లేవట్లేదు. చూశావా?"

నేను హెడ్‌ఫోన్స్ తీశాను.

"పై అరలో డబ్బా కావాలంటే నన్ను అడుగుతోంది. పప్పు ఎడం చేత్తో ఎనుపుతోంది. జుట్టు ఊరికే కత్తిరించుకుందనుకున్నావా? జడ వేసుకోలేక."

ఆ రాత్రి అడిగితే సౌజన్య మొదట ఏం లేదంది. తర్వాత, "పది నెలలైంది" అంది.

తను ఎకో టెక్నీషియన్. ఇక్కడ కార్డియాక్ సోనోగ్రాఫర్ అంటారు. గుండెని అల్ట్రాసౌండ్‌తో చూసి, బొమ్మలు తీసి, కొలతలు వేసి కార్డియాలజిస్టుకి పంపడం పని. మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఊళ్లో మైక్రోబయాలజీ చదివి, పెళ్లయి నా వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంది. 2015లో హెచ్-4 వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చాక, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, రిజిస్ట్రీ పరీక్షలు రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. ఇంత వివరం ఎందుకంటే, "నొప్పిగా ఉంటే మానెయ్యొచ్చుగా" అని నాకు సలహా ఇచ్చిన మిత్రులు ఇప్పటికి ఏడుగురు. వాళ్లందరికీ కలిపి ఒకేసారి జవాబు చెబుదామని.

నాకు కథలు చదివి వాటి గురించి నాలుగు ముక్కలు రాసే అలవాటుంది. ఈ సంగతి తెలిశాక నేను చదివిన కథల్లో స్కానింగ్ గదులన్నీ ఒకసారి గుర్తుచేసుకున్నాను. మన కథల్లో ఆ గదికి కొదవ లేదు. బల్ల మీద భార్య ఉంటుంది, పొట్ట మీద జెల్ చల్లగా తగులుతుంది, భర్త కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి, డాక్టర్ ముఖంలో ఏదో మారుతుంది. ప్రోబ్ పట్టుకున్న చెయ్యి మాత్రం ఎక్కడా తగల్లేదు. రచయితల్ని అనే అర్హత నాకు లేదులెండి. మా పాప పుట్టకముందు స్కానింగులన్నిటికీ నేనూ వెళ్లాను. పాప ముక్కు ఎటు తిరిగి ఉందో గుర్తుంది, ఆ గదిలో ఏసీ చలి గుర్తుంది. ముప్పావు గంట మాకోసం చెయ్యి చాపి కూర్చున్న మనిషి ముఖం గుర్తులేదు.

మొట్టమొదటిసారి ఆ చెయ్యిని చూసింది జూన్‌లో. ఎముకల డాక్టర్ సౌజన్య భుజానికి అల్ట్రాసౌండ్ రాశాడు. నేనూ గదిలోకి వెళ్లి మూల కుర్చీలో కూర్చున్నాను. స్కాన్ చేసే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పేషెంటు కూడా తన వృత్తే అని తెలియగానే ఆవిడ ముఖం మారింది. "ఏ చెయ్యి? కుడేనా? ఎన్నేళ్లు?" అని వరసగా అడిగింది. స్కాన్ మధ్యలో రెండుసార్లు ప్రోబ్ పక్కన పెట్టి తన చేతిని గాల్లో విదిలించుకుంది. సౌజన్య తన స్టూలుని ఆవిడకి దగ్గరగా జరుపుకుని, మోచేయి ఆవిడ ఒడి వైపు తెచ్చింది. ఆవిడ చెయ్యి చాపక్కర్లేకుండా. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

స్క్రీన్ మీద సౌజన్య సుప్రాస్పైనేటస్ స్నాయువు కనిపించింది. చెయ్యిని పక్కకి ఎత్తే చిన్న కండరం, భుజం ఎముక కప్పు కింద ఇరుకు సందులోంచి వస్తుంది. మామూలుగా సమంగా, తెల్లటి పోగుల్లా కనిపించాలట. తనది వాచి, మధ్యలో నల్లగా మసకబారి ఉంది. రిపోర్టు రాకముందే తనకి తెలిసిపోయింది.

నేను ఇంజనీర్ని కాబట్టి దుఃఖం వచ్చినా ముందు కొలతలు తీసుకుంటాను. ఆ శనివారం ఇంట్లోనే ఎకో గది కట్టాం. మంచం అంచున నేను ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను, పేషెంటుని. గుండె ఛాతీ గోడకి దగ్గరగా రావాలంటే అలాగే పడుకోబెడతారు. సౌజన్య నా వీపు వెనక కూర్చుంది. వాళ్ల డిపార్ట్‌మెంటులో కుడి చేత్తో చేసేవాళ్లంతా అలాగే కూర్చుంటారు. తన కుడి చెయ్యి నా పక్కటెముకల మీదుగా దాటి, చుట్టూ తిరిగి, ముందున్న ఎడమ రొమ్ము కింద దువ్వెన ఆనించింది. దువ్వెనే ప్రోబ్. ఎడమ చెయ్యి మెషిన్ మీటల మీద ఉన్నట్టు దూరంగా చాపింది. మెడ స్క్రీన్ వైపు తిప్పింది. పాప ఐప్యాడ్‌తో ఫోటో తీసింది. ఫోటో మీద గీతలు గీసి కోణం కొలిచాను. మొండేనికి, పై చేతికి మధ్య 70 డిగ్రీలు దాటింది.

ఎంత ఉండాలి? అమెరికాలో సోనోగ్రాఫర్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం 30కి మించకూడదు. ఆ సంఘం ఆఫీసు ప్లేనోలో ఉంది, మా ఇంటికి పక్క ఊరే. వాళ్ల గేటు ముందు నుంచే ఇన్నేళ్లూ సరుకులకి వెళ్లొచ్చాం. 2006లో కొందరు కండరాల మీద ఎలక్ట్రోడ్లు అతికించి కొలిచారు. భుజం కోణం 75 నుంచి 30కి తగ్గిస్తే కండరం పడే శ్రమ దాదాపు సగానికి తగ్గింది. మోచేతి కింద ఏదైనా ఆసరా పెడితే ఇంకా బాగా తగ్గింది. ఆలోచిస్తే వింతేం లేదు. చెయ్యి బరువే మనిషి బరువులో ఇరవయ్యో వంతు, అంటే సౌజన్యకి మూడు కిలోలు. మూడు కిలోల బియ్యం సంచీ పక్కకి చాచి పట్టుకుని అరగంట నిలబడమంటే ఎవరం నిలబడతాం? పైగా అది కదిలే పని కాదు. కండరం బిగిసి అలాగే ఉండిపోతే లోపలికి రక్తం సరిగ్గా వెళ్లదు. మూట మోసే మనిషికి దించుకున్నప్పుడైనా విడుపుంటుంది.

తర్వాత వంటింటి కాటా తెచ్చాను. గోంగూర పచ్చడికి ఉప్పు తూచేది. "లావు పేషెంటుకి ఎంత నొక్కుతావో దీనిమీద నొక్కు" అన్నాను. కళ్లు మూసుకుని దువ్వెన ఆనించి నొక్కింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆ అంకె చూసి నాకంటే తనే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "ఇంతనా? నాకెప్పుడూ తెలీలేదే" అంది. ఎలా తెలుస్తుంది? తన కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి, వాల్వు స్పష్టంగా కనిపించేదాకా చెయ్యి దానంతటదే నొక్కుతూ పోతుంది. అదీ మూడు వేళ్ల మధ్య, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని. జెల్‌కి ప్రోబ్ జారుతుంటే ఇంకాస్త బిగించి. వెనక నుంచి వైరు మణికట్టుని ఒక పక్కకి లాగుతుంటే దానికి ఎదురు పట్టి.

నొప్పి వచ్చినప్పుడు ఎందుకు వదలవని అడిగాను. "వదిలితే బొమ్మ పోతుంది" అంది. మళ్లీ అదే కిటికీ వెతుక్కోవడానికి ఇంకో మూడు నిమిషాలు పడుతుందట. పక్కటెముకల మధ్య గుండె కనిపించే సందుని వాళ్లు కిటికీ అంటారు. నొప్పి ఎంత ఉన్నా బొమ్మలో కనపడదు. పైగా తను ఎంత ఓర్చుకుంటే బొమ్మ అంత బాగా వస్తుంది. కార్డియాలజిస్టు చూసి "నైస్ ఇమేజెస్" అంటాడు.

ఈ యంత్రం మొదట్లో ఇలా లేదు. చదువుతూ పోతే నాకు బాగా నచ్చిన భాగం ఇదే, నా వృత్తి వల్ల కావచ్చు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో లాన్సెట్‌లో పొట్ట స్కానింగుల గురించి రాసిన వ్యాసంలో ముగ్గురు రచయితల్లో ఒకడు టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు. లోహాల్లో పగుళ్లు వెతికే పరికరంతో మొదలుపెట్టి మంచం మీదకి ఒక చట్రం కట్టాడు. ప్రోబ్ ఆ చట్రానికి వేలాడేది. ఆ తర్వాత మనిషి చెయ్యితో పనిలేకుండా ప్రోబ్ దానంతటదే కదిలే స్కానర్ కూడా తయారుచేశాడు. చేతులు మారితే బొమ్మ మారుతోందని ఆయన బాధ. 1970ల దాకా పొట్ట స్కానర్లు చాలావరకు కీళ్లున్న లోహపు చేతికి ప్రోబ్ తగిలించినవే. తర్వాత రియల్ టైమ్ ప్రోబులు వచ్చాయి. కదిలే బొమ్మ వచ్చింది, లోహపు చెయ్యి పోయింది. అది మోసిన బరువు మనిషి చేతికి వచ్చింది. 1985లో మార్వీన్ క్రెయిగ్ అనే సోనోగ్రాఫర్ తమ వృత్తి పత్రికలో, ఇదేమన్నా వృత్తి వ్యాధా అని అడుగుతూ వ్యాసం రాసింది. తేదీలు చూస్తే నాకు అది కాకతాళీయం అనిపించదు.

2009లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో పదిమందిలో తొమ్మిదిమంది నొప్పితోనే స్కాన్ చేస్తున్నామన్నారు. మన దగ్గర ఒక సర్వర్ పదిసార్లలో తొమ్మిదిసార్లు పడిపోతే డిజైన్ తప్పంటాం. సర్వర్‌ని యోగా చెయ్యమనం.

యోగా అని ఊరికే అనలేదు. వాళ్ల బ్రేక్ రూములో ఒక పోస్టర్ ఉంది, ఫోటో చూపించింది. మెడ ఇటు తిప్పండి, భుజం అటు తిప్పండి, నీళ్లు తాగండి. దాని పక్కనే ఆ రోజు షెడ్యూలు: మనిషికి తొమ్మిది స్టడీలు. అందులో రెండు మూడు వార్డుల్లో, మంచం దగ్గరికే మెషిన్ తోసుకెళ్లి చేసేవి. వంద కిలోల బండి. అక్కడ పేషెంటు పక్కకి తిరగలేడు, మంచానికి కమ్మీలు, చుట్టూ సెలైన్ స్టాండ్లు. ఏ కోణం దొరికితే ఆ కోణంలో చెయ్యడమే. నా ఆఫీసులో రెండేళ్ల క్రితం మణికట్టు లాగుతోందని ఒక్క ఈమెయిల్ పెడితే, ఒకావిడ వచ్చి నా కుర్చీ ఎత్తు కొలిచి, రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డు, నిటారుగా ఉండే మౌస్, లేచి నిలబడే బల్ల ఇప్పించి వెళ్లింది. నేను రోజంతా మోసేది మౌస్.

సౌజన్య తన మేనేజరుకి చెబితే ఆవిడ జాలిగా, "మనందరికీ ఉన్నదేగా" అందట. అబద్ధం కాదు. ఆవిడా స్కాన్ చేసి చేసి మెడకి ఆపరేషనై డెస్కు మీదకి వచ్చిన మనిషే.

మరి ఫారం నింపవేమని నేను పోరాను. పనివల్ల గాయమైందని రాసిచ్చే ఫారం. తను నింపలేదు. ఆ నెలలోనే పని అనుమతి రెన్యువల్‌కి వెళ్లింది. అది ఆలస్యమై ఇంట్లో కూర్చున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్లలోనే ఇద్దరున్నారు. ఇప్పుడు పేచీ పెట్టుకోవడమేమిటని తన భయం. ఆ రెండిటికీ సంబంధం లేదని నేను వాదించాను. వాదన గెలిచాను, ఫారం అలాగే ఉంది. కోపంలో చట్టాలు చదివాను. టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని పనిగాయాల బీమా తీసుకోవడం తప్పనిసరి కాదట. దేశం మొత్తానికి ఇలాంటి నొప్పుల మీద ఒక నిబంధన 2000 నవంబరులో వచ్చింది, 2001 మార్చిలో కాంగ్రెస్ దాన్ని రద్దుచేసింది. నాలుగు నెలలు బతికింది.

మధ్యలో ఒకరోజు గుంటూరులో మా పెదనాన్న కూతురికి ఫోన్ చేశాను. అక్క రేడియాలజిస్టు. మన దగ్గర స్కానింగ్ ఎక్కువగా డాక్టరే స్వయంగా చేస్తారు. గర్భిణులకైతే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి. అక్క చెబుతుంటే పక్కన ఒకమ్మాయి రిపోర్టు టైపు చేస్తుంది. సంగతంతా చెప్పాను.

"ఒక్కో పేషెంటుకి ముప్పావు గంటా? అదృష్టవంతురాలు రా మీ ఆవిడ" అంది నవ్వుతూ. బయట బెంచీల మీద ఎంతమంది కూర్చుని ఉంటారో నాకు తెలుసు, నేనూ నవ్వాను. కాసేపాగి అక్కే అంది: "నేను కుడి పక్కకి తిరిగి పడుకుని రెండేళ్లయింది. ఎవరితో చెప్పుకుంటాం? డాక్టర్ని కదా." ప్రతి గర్భిణికీ ఫారం-ఎఫ్ మీద సంతకం పెట్టాలి, అదీ ఆ చేత్తోనే. ఫోన్ పెట్టేముందు, మంచం కింద ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచుకుంటే నాకు కాస్త నయమైందిరా, అక్కడ ఇటుకలు దొరుకుతాయా అని అడిగింది.

సౌజన్యకి ఆరు వారాలు ఫిజియోథెరపీ, లైట్ డ్యూటీ రాశారు. తొమ్మిది స్టడీలు ఆరయ్యాయి. తగ్గిన మూడూ మిగతా ముగ్గురి మీదకి వెళ్లాయి. ఇది నేను ముందు ఆలోచించని సంగతి. ఒక భుజం మీంచి తీసిన బరువు ఇంకో భుజం మీదకే వెళ్తుంది, వేరే చోటు లేదక్కడ. రెండో వారంలో తను రోజూ ఏడుస్తూ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదట, అదే కారణం. వాళ్లలో అందరికంటే సీనియర్, ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నావిడ, ఒకరోజు లాకర్ తెరిచి చూపించిందట. రెండు మణికట్టు పట్టీలు, ఒక మోచేతి పట్టీ, వేడి కాపడం సంచీ, ఐబూప్రొఫెన్ పెద్ద డబ్బా. "నువ్వు ఫారం నింపితే నేనూ నింపుతా. నేను నింపుతానంటే ఇన్నాళ్లూ ఎవరూ ముందుకి రాలేదు" అంది. ఆ వారం నలుగురూ నింపారు.

ఇక ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో స్కాన్ చేసేవాళ్లు పేషెంటు వెనక కాక ముందు కూర్చుంటారు. ఛాతీ ఎదురుగా ఉంటుంది, మోచెయ్యి పరుపు మీద ఆనుతుంది, చాపక్కర్లేదు. రెండు చేతులూ వస్తే రోజుని సగం సగం చేసుకోవచ్చు. సౌజన్య నేర్చుకుంటానంది. అమ్మకి ఇది మింగుడుపడలేదు.

"ఎడం చేత్తోనా? మనిషి గుండె మీద?"

"గుండె ఉన్నది ఎడం పక్కేగా అత్తయ్యా."

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే సరే" అంది.

అనుకున్నంత తేలిక కాదు. కుడి చేతికి ఏళ్ల తరబడి వచ్చిన వేలి మలుపులు ఎడమ చేతికి రావు. మొదటి నెలలో గుండె నాలుగు గదులూ కనపడాల్సిన చోట అది పొట్టిగా, నలిగినట్టు వచ్చేదట. రోజుకి ఒక్క పేషెంటుతో మొదలుపెట్టింది, అదీ సన్నటివాళ్లతో. రాత్రి టీవీ చూస్తూ దువ్వెన ఎడమ చేత్తో తిప్పేది. మూడు వేళ్లతో కాక అరచేతితో పట్టుకోవడం, వైరుని ముంజేతికి పట్టీతో కట్టుకోవడం, మోచేతి కింద చుట్టిన తువ్వాలు, పేషెంటుని మొహమాటం లేకుండా "ఇంకొంచెం ఇటు జరగండి" అనడం. చివరిదే అన్నిటికంటే కష్టమంది. జబ్బుతో వచ్చిన మనిషిని జరగమనడం కంటే తన చెయ్యి చాపడం తేలిక అనిపించేదట ఇన్నాళ్లూ.

అయితే మూడు ఎకో గదుల్లో రెండిట్లో మంచం ఎడమ పక్క గోడకి ఆనించి ఉంది. అంటే ఎడమ చేత్తో చేసేవాళ్లు కూర్చోవడానికి చోటే లేదు. ఆ గదులు గీసినవాడు ఒకే రకం మనిషిని ఊహించుకున్నాడు. నేను వాటి ప్లాను గీశాను. ప్లగ్గులు, ఆక్సిజన్ పైపు ఎక్కడున్నాయో తను చెబుతుంటే, మంచం మూడడుగులు జరిపితే సరిపోతుందని తేల్చాను. తను మెయింటెనెన్స్‌కి టికెట్ పెట్టింది. మా ఆఫీసులో టికెట్లు ఎలా మురుగుతాయో తెలిసినవాణ్ణి కాబట్టి ఐదు నెలలు పట్టినందుకు నేనేం ఆశ్చర్యపోలేదు.

ఫారాల ఫలితం అనాలో, ఆ ఏడాది బడ్జెట్ మిగిలింది అనాలో, జనవరిలో ఒక కొత్త మంచం వచ్చింది. మీట నొక్కితే పైకీ కిందకీ కదులుతుంది. ఎడమ పక్క పరుపులో ఒక ముక్క కిందకి దిగుతుంది, ప్రోబ్ పట్టుకున్న చెయ్యి పరుపుకి తగలకుండా లోపలికి వెళ్తుంది. స్టడీలు తొమ్మిది నుంచి ఎనిమిదయ్యాయి, వార్డు కేసులు వంతులవారీగా పంచారు. లావు పేషెంట్లు వరసగా ఇద్దరు పడకూడదన్న నియమం రాశారు కానీ అది రోజూ తప్పుతుంది. సౌజన్య కుడి చెయ్యి ఇప్పుడు చెవి దాకా లేస్తుంది, పై అర దాకా లేవదు. డబ్బాలు నేను కింద అరలోకి మార్చాను. ఈ పని పది నెలల ముందు చెయ్యాల్సింది.

జుట్టు భుజాల దాకా పెరిగింది. మళ్లీ కత్తిరించుకుంటావా అని అడిగితే, చూద్దాం అంది.

ఆ కొత్త మంచం ఒక్క గదిలోనే ఉంది. మనుషులు నలుగురు. వాళ్లలో వాళ్లే కాగితం మీద వంతులు రాసుకుని ఆ పోస్టర్ పక్కన అంటించారు. సౌజన్యది మంగళవారం. నిన్న సోమవారం రాత్రి వార్డుల్లో మూడు చేసి వచ్చి, భుజం మీద వేడి సంచీ పెట్టుకుని, రేపు మంగళవారమే కదా అని నన్ను రెండుసార్లు అడిగింది.